కిరాయి ఇల్లు కూర్చుని తినే కమాయి కాదు



పోయిన నెల మా రిష్తేదార్ల ఇంట్లో వలీమా. దస్తర్‌ఖాన్ మీద బిర్యానీ అయిపోయి డబుల్ కా మీఠా వచ్చేలోపల మాటలు ఎప్పటిలాగే ఇళ్ల మీదకు, జమీన్ల మీదకు మళ్లాయి. మా దుల్హేభాయ్ నా భుజం మీద చెయ్యేసి అన్నాడు: "మియా, రిటైరై ఇంట్లో కూర్చున్నావు. ఒక ఫ్లాట్ తీసుకో, కిరాయికి ఇచ్చెయ్. బ్యాంకు కిస్తు ఆ కిరాయే కడుతుంది. నువ్వు పడుకున్నా పైసలు వస్తూనే ఉంటాయి."

చుట్టూ ఉన్న కుర్రవాళ్లంతా తలలూపారు. ఫోన్లలో వాళ్లు రోజూ చూసే వీడియోల్లో కూడా ఇదే పాట. దావత్‌లో పెద్దల ముందు బహస్ ఎందుకని నేను ఊరుకున్నాను. కానీ ఊరుకోవడం కూడా ఒక రకంగా ఒప్పుకోవడమే కదా. అందుకే ఈరోజు రాస్తున్నాను. తిరుమలగిరిలో ఇరవై రెండేళ్లు కిరాయిదారుగా ఉన్నవాణ్ని నేను. మూడేళ్లుగా పై అంతస్తులో ఒక పోర్షన్ కిరాయికి ఇస్తున్నవాణ్ని కూడా. రెండు వైపులా కూర్చున్నాను కాబట్టి ఈ మాట చెప్పే హక్కు నాకు కొంత ఉందనుకుంటాను: కిరాయి అనేది పడుకుంటే వచ్చే కమాయి కాదు. అది ఇంకొకరి హక్కు మన చేతిలో పెట్టుకుని చేసే తిజారత్. ఎవరి హక్కు, ఎంత హక్కు అని చూసుకోకుండా మకాన్‌దారు అయ్యేవాడు మొదటి రోజే నష్టంలో ఉన్నాడు. దునియా హిసాబ్‌లోనూ, ఆ తర్వాతి హిసాబ్‌లోనూ.

ముందు దునియా హిసాబే చూద్దాం. సూద్ హరామ్ అన్న మాట కాసేపు పక్కన పెట్టండి. దుల్హేభాయ్ చెప్పిన ఫ్లాట్ అరవై లక్షలు అనుకుందాం. చేతిలో పదిహేను లక్షలు ఉన్నాయి, నలభై అయిదు లక్షలు బ్యాంకు ఇచ్చింది. 9 శాతం, ఇరవై ఏళ్లు. నెల కిస్తు సుమారు 40,500 రూపాయలు. ఆ ఫ్లాట్‌కు కిరాయి 18,000 వస్తుందనుకోండి. కిరాయి కిస్తు కట్టిందా? నెలకు 22,500 మీ జేబులోంచి పోతుంది. ఏడాదికి 2,70,000. ఇరవై ఏళ్లకు బ్యాంకుకు కట్టేది మొత్తం 97 లక్షలు. అందులో 52 లక్షలు వడ్డీ.

వడ్డీ లేకుండా అరవై లక్షలూ నగదు పెట్టి కొన్నారనుకుందాం. ఏడాది కిరాయి 2,16,000. కిరాయిదారు మారేటప్పుడు ఒక నెల ఖాళీ, 18,000. మెయింటెనెన్స్ నెలకు రెండు వేల చొప్పున 24,000. ఇంటి పన్ను, మోటారు, పైపులు, సున్నం కలిపి ఒక 20,000. మిగిలేది 1,54,000. అంటే రెండున్నర శాతం. కొన్నరోజే స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి తెలంగాణలో ఏడున్నర శాతం, నాలుగున్నర లక్షలు, పోయాయి. మొదటి మూడేళ్ల కిరాయి దాదాపు అందులోనే సరి. "ధర పెరుగుతుంది కదా" అంటారు. పెరగొచ్చు. అప్పుడు అది ఇల్లు అమ్మి సంపాదించే వ్యాపారం, కిరాయి వ్యాపారం కాదు. రెండింటినీ కలిపి ఒకే పేరుతో అమ్మేవాళ్లను నమ్మకండి.

నేనేం చేశానంటే, ఫ్లాట్ కొనలేదు. అబ్బా కట్టించిన ఇంటి మీద ఒక అంతస్తు లేపాను. పద్నాలుగు లక్షలు అయింది. పీఎఫ్ డబ్బు పది, మిగతా నాలుగు లక్షలకు మా బేగం నగలు. అవి ఆమె మెహర్ నగలు. "మన ఇంటికే కదా" అని ఆమె అంది, కానీ నేను కాగితం రాసిచ్చాను. ఇద్దరం హిస్సేదార్లం, కిరాయిలో ఆమె వంతు ఆమె ఖాతాలోకే పోతుంది. మగవాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి. భార్య నగలు కరిగించి ఇల్లు కట్టి గేటు మీద తన పేరు ఒక్కటే చెక్కించుకున్నవాళ్లను నేను చాలామందిని చూశాను.

ఇక జమీన్ సంగతి. మా తిరుమలగిరి సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో ఉంది. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ ఏర్పడింది. ఇది పాత ఫౌజీ ఇలాఖా. పాత కాగితాల్లో ట్రిమల్‌గెరీ అని ఉంటుంది. ఇక్కడ ఇల్లు ఎవరిదో ఒకటి, కింద నేల ఎవరిదో ఇంకొకటి. ఓల్డ్ గ్రాంట్ బంగళాలనే తీసుకోండి. గోడలు, కప్పు మీవి, జమీన్ సర్కారుది. సర్కారు తిరిగి తీసుకోగలదు. కంటోన్మెంట్ జమీన్లకు జనరల్ ల్యాండ్ రిజిస్టర్ అని ఒకటి ఉంది. అందులో ఆ సర్వే నంబరు ఏ తరగతిలో ఉందో, హక్కుదారు ఎవరని రాసి ఉందో చూడకుండా బయానా ఇచ్చేవాడు కళ్లకు గంతలు కట్టుకుని రోడ్డు దాటుతున్నట్టే. కట్టాలంటే బోర్డు ఇజాజత్ కావాలి. ఇజాజత్ లేకుండా లేపిన అంతస్తును కిరాయికి ఇస్తే, రేపు నోటీసు వచ్చినప్పుడు వీధిలో పడేది మనం కాదు, సామాను మోసుకుంటూ పిల్లలతో దిగే కిరాయిదారు.

2024 మార్చిలో ప్యారడైజ్ నుంచి శామీర్‌పేట వైపు ఎలివేటెడ్ కారిడార్‌కు శంకుస్థాపన అయినప్పటి నుంచి కార్ఖానా, తిరుమలగిరి, అల్వాల్ పొడుగునా బ్రోకర్ల గొంతు మారిపోయింది. కంటోన్మెంట్ బస్తీలు జీహెచ్ఎంసీలో కలుస్తాయన్న కబురు ఇంకో వైపు. "ఇప్పుడు కొనకపోతే ఇక కొనలేరు భాయ్" అంటారు. తొందరపెట్టే సౌదా ఏదైనా సరే, ఒక జుమ్మా ఆగి చూడండి. నిజమైన ఇల్లు వారం రోజుల్లో పారిపోదు.

ఇంకో మాట, మనవాళ్లకే చెప్పాల్సిన మాట. వక్ఫ్ జమీన్ సస్తాలో వస్తోందని కొనేవాళ్లు ఉన్నారు. వక్ఫ్, దేవాదాయ, సర్కారీ జమీన్లను రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ కింద నిషేధ జాబితాలో పెడతారు. ఆ జాబితా చూడండి. జాబితాలో తప్పిపోయినా సరే, ఖబ్రస్తాన్ పక్కన ఎవరో బుజుర్గ్ యతీముల కోసం వదిలిన జాగా అని మొహల్లా మొత్తానికి తెలిసిన నేల మీద కిరాయి తినడం ఏ కాగితంతోనూ హలాల్ కాదు. సర్కారు వక్ఫ్ ఆస్తుల జోలికి వస్తే రోడ్డు మీదకు వచ్చే మనం, మన మొహల్లాలోనే వక్ఫ్ గోడ జరుపుతుంటే చూసీ చూడనట్టు పోతాం.

ఇప్పుడు ఇంట్లోకి రండి. మనలో చాలామంది మకాన్‌దార్లుగా మొదలయ్యేది కొన్న ఇంటితో కాదు, అబ్బా వదిలి వెళ్లిన ఇంటితో. నాలుగు పోర్షన్లు ఉంటాయి, అన్న రెండు, తమ్ముడు రెండు పంచుకుని కిరాయికి ఇస్తారు. చెల్లెలు? "దాని షాదీకి ఖర్చు పెట్టాం కదా!" సూరా నిసాలో హిస్సాలు లెక్క కట్టి మరీ చెప్పి ఉన్నాయి. కొడుక్కి రెండు వంతులు, కూతురికి ఒక వంతు. ఆ ఒక వంతు కూడా ఇవ్వని అన్నదమ్ములు ప్రతి నెలా ఒకటో తారీఖున తీసుకునే కిరాయిలో చెల్లెలి పైసలు ఉంటాయి. షాదీలో పెట్టిన డేగులు విరాసత్ కావు. అవి మన ఇజ్జత్ కోసం పెట్టుకున్న ఖర్చు. మా ఇంట్లో కూడా ఇది తేలిగ్గా తేలలేదు. అంతస్తు లేపే ముందు ఆపాజాన్‌ను, చెల్లెల్ని కూర్చోబెట్టి, వాళ్ల హిస్సా ధర కట్టి, మూడు కిస్తుల్లో ఇచ్చి, కాగితం చేసుకున్నాం. ఆపాజాన్ అంటే వలీమాలో నాకు సలహా ఇచ్చిన దుల్హేభాయ్ భార్యే. ఆ డబ్బు తీసుకునేటప్పుడు ఆయనకు ఎలాంటి ఇతరాజ్ లేదు. తన సొంత చెల్లెళ్ల సంగతి మాత్రం ఆయన ఇంకా తేల్చలేదు. ఇది చదివితే కోపగించుకుంటాడు. కోపం వస్తే మంచిదే.

తర్వాత రెహన్. పాతబస్తీలోనూ, మా వైపూ ఇది బాగా నడుస్తోంది. అయిదు లక్షలో పది లక్షలో ఇంటి యజమానికి ఇచ్చి, రెండేళ్లు కిరాయి లేకుండా ఉంటారు. ఖాళీ చేసే రోజు మొత్తం డబ్బు తిరిగి తీసుకుంటారు. "బ్యాంకు గడప తొక్కలేదు, సూద్ ముట్టలేదు" అని ఇద్దరూ సంతోషిస్తారు. ఇచ్చింది అప్పు, ఆ అప్పు మీద షరతుగా తీసుకున్న ఫాయిదా ఇంట్లో ముఫ్త్‌గా ఉండటం. అప్పు మీద షరతు పెట్టి తీసుకునే ఫాయిదా సూదేనని ఉలమా చెప్తూనే ఉన్నారు. బోర్డు మార్చినంత మాత్రాన దుకాణంలో సరుకు మారదు. పైగా మకాన్‌దారు ఆ పది లక్షలు కూతురి షాదీలో ఖర్చు పెట్టేసి, రెండేళ్ల తర్వాత చేతులెత్తేస్తే, కిరాయిదారు ఏళ్ల తరబడి తిరుగుతాడు. మీరు మొదలుపెడుతుంటే రెహన్‌తో మొదలుపెట్టకండి. నెలకు ఇంత అని కిరాయి చెప్పి ఇజారా చేసుకోండి. ఫిఖహ్ కితాబుల్లో ఇజారాకు విడిగా బాబులే ఉన్నాయి. కిరాయి ఎంతో, ముద్దత్ ఎంతో ముందే తెలిసి ఉండాలి. ఇల్లు ఉండటానికి పనికొచ్చేలా చూడటం ఇచ్చేవాడి జిమ్మేదారి. ఇంత సాదా విషయం.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది, చెప్పడానికి నాకే తక్లీఫ్‌గా ఉన్నది.

మూడేళ్ల కింద మొదటిసారి గేటుకు టు-లెట్ బోర్డు కట్టాను. కిరాయి 9,500. రెండో రోజు సాయంత్రం ఒక అమ్మాయి వచ్చింది. ఏదో ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. మెడలో సన్నటి గొలుసుకు చిన్న సిలువ. చెయ్యి పట్టుకుని అయిదేళ్ల బాబు. భర్తతో విడిపోయానని అడక్కుండానే చెప్పింది, అడుగుతారని తెలుసు కాబట్టి. ఇల్లు చూసింది, నచ్చింది. అడ్వాన్సు తెచ్చుకునే వచ్చింది. నేను, "ఇంట్లో అడిగి రేపు చెప్తానమ్మా" అన్నాను. రాత్రి బేగం, నేను మాట్లాడుకున్నాం. ఒంటరి ఆడమనిషి, నైట్ డ్యూటీలు, మొహల్లా ఏమంటుంది, మనవాళ్లెవరైనా దొరక్కపోతారా. పొద్దున ఫోన్ చేసి, "ఇచ్చేశామమ్మా" అన్నాను.

బోర్డు గేటుకే ఉంది. తీయడం మర్చిపోయాను. ఆ సాయంత్రం ఆమె బాబుతో అదే దారిలో నడిచి వెళ్లింది. బోర్డు వైపు చూసింది, నా వైపు చూసింది, ఏమీ అనలేదు.

లోపల మంచం మీద అమ్మీ తస్బీహ్ తిప్పుతూ అంది: "మనకు కూడా ఇట్లనే చెప్పిండ్రు కద బేటా, ఇచ్చేసినం అని."

నాకు గుర్తొచ్చింది. 1992 డిసెంబర్ తర్వాత రోజులు. అప్పటికి ఈ ఇంట్లో ఒక్క గది కూడా లేవలేదు, ఖాళీ జాగానే. అబ్బా, అమ్మీ, మేం ముగ్గురం కిరాయి ఇల్లు వెతుక్కుంటూ తిరిగాం. లాల్‌బజార్‌లో ఒకాయన ఇల్లంతా చూపించి, కిరాయి మాట్లాడి, చివర్లో పేరడిగాడు. అబ్బా పేరు చెప్పగానే, "అయ్యో, పొద్దున్నే ఇచ్చేశాం సాబ్" అన్నాడు. అబ్బా సలాం చేసి బయటకొచ్చాడు. గేటుకు బోర్డు అలాగే ఉంది.

నేను ఆ అమ్మాయికి మళ్లీ ఫోన్ చేశాను. లోతుకుంటలో ఇల్లు దొరికింది అంకుల్, ఫరవాలేదు అంది. ఆ "ఫరవాలేదు" నాకు ఇప్పటికీ ముల్లులా ఉంది. ఆమె రెండు తిట్లు తిట్టి ఉంటే బాగుండేది.

2015లో సుఖదేవ్ థోరాత్, ఆయన సహచరులు ఢిల్లీ చుట్టుపక్కల కిరాయి ఇళ్ల మీద చేసిన పరిశోధన అచ్చయింది. పేరు విని దళితులకు, ముస్లింలకు ఇల్లు లేదనడం ఎంత మామూలో అందులో చూపించారు. ఆ మాట మనం ఎన్ని మీటింగుల్లో చెప్పాం! "వెజిటేరియన్లకు మాత్రమే" అన్న బోర్డు చూసి ఎంత మండిపడ్డాం! మంచిదే, మండిపడాల్సిందే. కానీ మనవాళ్ల టు-లెట్ బోర్డుల కింద ఏం రాసి ఉంటుందో ఎప్పుడైనా చదివారా? "ఓన్లీ ముస్లిం ఫ్యామిలీ". బోర్డు మీద రాయని షరతులు ఇంకా ఉంటాయి. ఏ మస్లక్, ఏ మస్జిద్‌కు పోతారు, దూదేకులా, షేకులా, ఖాందాన్ ఏది, బ్యాచిలరా, తలాఖ్ అయిన ఆడమనిషా. మనల్ని కొట్టిన కర్రే మన చేతికి వచ్చింది, మనం దాన్ని పడేయలేదు. నూనె రాసి పెట్టుకున్నాం.

"సొంత ఇల్లు, ఎవరికివ్వాలో నా మర్జీ" అంటారు. లాల్‌బజార్ ఆయనా అదే అనుకుని ఉంటాడు. కిరాయి కట్టగలరా, ఇల్లు జాగ్రత్తగా చూసుకుంటారా, గుర్తింపు కాగితాలు ఉన్నాయా, ఇవి అడగండి, తప్పు లేదు. పేరు, పుట్టుక, తాళి ఉందా లేదా అన్నవి కిరాయి కట్టే తాఖత్ గురించి ఏమీ చెప్పవు.

నా మొదటి కిరాయిదారు చివరికి ఒక ఫౌజీ కుటుంబం అయింది. మూడేళ్లలో వాళ్లు బదిలీ అయి వెళ్లారు, ఇప్పుడు ఇంకొకరు ఉన్నారు. ఆ కుటుంబం ఖాళీ చేసిన రోజు నాకు రెండో సబఖ్. రెండు నెలల డిపాజిట్ 19,000 తిరిగివ్వాలి. ఆ డబ్బు నా దగ్గర లేదు, ఎప్పుడో ఖర్చయిపోయింది. "సున్నం వేయించాలి కదా, అందులో పట్టుకో" అని నాలోని మకాన్‌దారు అన్నాడు. మూడేళ్లు ఉన్న ఇంటికి సున్నం వేయడం నా పని, వాళ్ల మీద రుద్దే ఖర్చు కాదు. సూరా ముతఫ్ఫిఫీన్‌లో తమకు రావాల్సింది నిండా కొలిచి తీసుకుని, ఇవ్వాల్సింది తగ్గించి ఇచ్చేవాళ్ల గురించి ఎంత గట్టిగా ఉందో మనకు తెలుసు. ఆ ఆయతులు కిరాణా దుకాణం వాళ్ల కోసమే అనుకుంటాం. డిపాజిట్ తీసుకునేటప్పుడు నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి, ఇచ్చేటప్పుడు మేకులకు, మరకలకు కోతలు పెట్టే మనం కూడా అదే త్రాసు ముందు నిలబడతాం. ఆ రోజు అప్పు చేసి పూర్తిగా ఇచ్చాను. ఇప్పుడు డిపాజిట్ విడిగా ఒక ఖాతాలో ఉంటుంది. అది నా కమాయి కాదు, నా మీద ఉన్న కర్జ్.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఇవి చెప్తాను. కాగితం రాసుకోండి. ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడుగాటి ఆయత్ అప్పులు రాసి పెట్టుకోమని చెప్పేదే. మన దగ్గర పదకొండు నెలల అగ్రిమెంట్లు నడుస్తాయి. అందులో కిరాయి, డిపాజిట్, ఎంత పెంచుతారు, ఎవరు ఏం బాగుచేయాలి, అన్నీ ఉండాలి. కిరాయి అందిన ప్రతి నెలా రసీదు ఇవ్వండి. 2021లో కేంద్రం తెచ్చిన మోడల్ టెనెన్సీ చట్టం ఇళ్లకు రెండు నెలల కిరాయికి మించి డిపాజిట్ వద్దంటుంది. చట్టం మన ఊరికి ఎప్పుడొస్తుందని చూడకుండా మనమే పాటించవచ్చు. కరెంటు సబ్ మీటర్ మీద యూనిట్‌కు రూపాయి ఎక్కువ వేసుకోకండి. తాళం చెవి ఇంకొకటి ఉంది కదా అని చెప్పకుండా లోపలికి పోకండి. కిరాయికి ఇచ్చాక అది వాళ్ల ఇల్లు. ఇంకొకరి ఇంటి గడప దాటాలంటే సలాం చెప్పి ఇజాజత్ తీసుకోమని మనకు చిన్నప్పుడే నేర్పారు.

"ఇంత నరమ్‌గా ఉంటే నెత్తికెక్కి కూర్చుంటారు" అని నా దోస్తులు అంటారు. ఇన్సాఫ్‌గా ఉండటం వేరు, మెతకగా ఉండటం వేరు. తంగీలో ఉన్నవాడికి మొహలత్ ఇవ్వమని దీన్ చెప్తుంది. మొహలత్ ఇవ్వండి, ఎంత గడువో రాసుకోండి. అది కూడా దాటి, ఉండీ ఇవ్వనివాడైతే చట్టం ఉంది. నెల నెలా కిరాయి పద్ధతిలో ఉన్నవాళ్లను ఖాళీ చేయమనడానికి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలి. అప్పటికీ కదలకపోతే అదాలత్. నీళ్లు బంద్ చేయడం, కరెంటు తీసేయడం, సామాను బయట పారేయడం, ఇవి బస్తీ గూండాగిరీ. ఇమామ్ వెనక మొదటి సఫ్‌లో నిలబడేవాళ్లు కూడా ఇలా చేయడం నేను చూశాను.

అయితే ఎవరు మొదలుపెట్టాలి? అప్పుల్లో లేనివాడు. తన అక్కచెల్లెళ్ల హిస్సా తేల్చినవాడు. ఆరు నెలలు ఇల్లు ఖాళీగా ఉన్నా పొయ్యి వెలిగేవాడు. డిపాజిట్ ముట్టుకోకుండా ఉండగలిగేవాడు. కిరాయి ఇంటి విలువ మీద జకాత్ లేకపోయినా, మిగిలిన కిరాయి నిసాబ్ దాటి ఏడాది నిలిస్తే రెండున్నర శాతం ఇవ్వాలని గుర్తున్నవాడు. ఇవి లేకపోతే ఇంకా టైముంది. ముందు పిల్లల చదువు, అప్పులు చూసుకోండి.

దుల్హేభాయ్, మీరన్నట్టు నేను పడుకుంటే పైసలు రావడం లేదు. కానీ ఎవరి పైసా ఎగ్గొట్టలేదని తెలిసిన రోజుల్లో నిద్ర మాత్రం బాగా వస్తోంది. పై పోర్షన్ వచ్చే రంజాన్ తర్వాత ఖాళీ అవుతుంది. బోర్డు కడతాను. ఎవరు వచ్చినా, ఇంకా ఇవ్వకపోతే ఇవ్వలేదనే చెప్తాను, ఇన్షాఅల్లాహ్.